నిద్రలో ఉన్నా లేపండి
టాన్సిల్స్ ఆపరేషన్ అయిన పిల్లాడు కాస్త కునుకు తీస్తుంటే లేపడానికి ఏ తల్లికీ మనసొప్పదు. కానీ మొదటి కొన్ని రాత్రులు, డాక్టరు రాసిన వేళకు లేపి పారాసిటమాల్ పట్టించాల్సిందే. ఆ మోతాదు తప్పితే తెల్లారేసరికి గుటక పడదు, చెవి కూడా పోటు పెడుతుంది. ఆ నొప్పి భయానికి పిల్లాడు నీళ్లు ముట్టడు, ఎండిన గొంతు ఇంకా మండుతుంది. మందుతోపాటు నాలుగు గుక్కల చల్లటి నీళ్లూ తాగించి, తల కాస్త ఎత్తులో ఉండేలా పడుకోబెట్టండి. ఇంట్లో మిగిలిన కోడీన్ నొప్పి మందు మాత్రం వద్దు. పన్నెండేళ్లలోపు పిల్లలకు అది ఊపిరి మందగించేలా చేయగలదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో వాడొద్దనే గట్టి హెచ్చరిక ఇచ్చింది. గొంతులో తెల్లటి పొర చూసి చీము అని కంగారుపడకండి, పుండు మానుతోంది. ఆపరేషన్ తర్వాత ఆ పొర ఊడే 5–10 రోజుల మధ్య ఎర్రటి రక్తం కనిపిస్తే, అర్ధరాత్రయినా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.