చేదు నిజం చెప్పడమూ కమ్యూనికేషనే!

ప్లేస్‌మెంట్ సీజన్ వచ్చిందంటే కాలేజీల్లో ఒకటే మాట... ‘కమ్యూనికేషన్ స్కిల్స్ పెంచుకోవాలి’. సెల్ఫ్ ఇంట్రడక్షన్, గ్రూప్ డిస్కషన్ ప్రాక్టీస్ చేసేసి, తడబడకుండా నాలుగు ముక్కలు ఇంగ్లిష్ మాట్లాడితే గట్టెక్కినట్టే అనుకుంటాం. ఉద్యోగం రావడానికి అది పనికొస్తుంది, కాదనలేం. కానీ కంపెనీ మీద జనానికి నమ్మకం నిలబెట్టే కమ్యూనికేషన్ వేరే ఉంది. లెక్క తేడాగా కనిపించినప్పుడు ‘ఇది సరిగ్గా లేదు’ అని సకాలంలో చెప్పగలగడం.

ఉదాహరణకు దూరం వెళ్లక్కర్లేదు. మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్సే ఉంది. 2008 సెప్టెంబరులో ఆ సంస్థకు కార్పొరేట్ గవర్నెన్స్‌లో గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. నాలుగు నెలలు తిరక్కుండానే, 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. లెక్కల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో రూ.5,040 కోట్లు అసలు లేనే లేవని అందులో ఒప్పుకొన్నారు. ఆ ఒక్కరోజులోనే షేరు విలువలో మూడొంతులకు పైగా ఆవిరైంది. ఏ తప్పూ చేయని వేల మంది ఉద్యోగుల భవిష్యత్తు అయోమయంలో పడింది. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు పది మందిని దోషులుగా తేల్చింది.

దర్యాప్తులో తేలిన ఒక సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి. వేలకొద్దీ దొంగ ఇన్‌వాయిస్‌లను కంపెనీ సిస్టంలోనే సృష్టించి, మిగతా ఉద్యోగులకు కనిపించకుండా దాచారు. కారణం ఊహించడం కష్టం కాదు. ప్రాజెక్టులో పనిచేసేవాళ్లు చూస్తే ‘ఈ పని మేం చేయలేదే’ అని అడుగుతారుగా! అంటే మోసం భయపడేది మామూలు ఉద్యోగి వేసే మామూలు ప్రశ్నకే.

ఆ తర్వాత వచ్చిన 2013 కంపెనీల చట్టం, లిస్టెడ్ కంపెనీల్లో ఫిర్యాదులకు ‘విజిల్ మెకానిజం’ తప్పనిసరి చేసింది. అవసరమైతే ఆడిట్ కమిటీ ఛైర్‌పర్సన్‌కు నేరుగా చెప్పే వీలుండాలని, ఫిర్యాదు చేసినవారిని వేధించకుండా రక్షణ ఉండాలని సెక్షన్ 177 చెబుతోంది. ఉద్యోగంలో చేరగానే ఆ పాలసీ ఓసారి చదవండి. సెలవుల పాలసీ చదువుతాం కదా, ఇదీ అంతే.

‘కొత్తగా చేరినవాణ్ని, నా మాట ఎవరు వింటారు? ఉద్యోగం పోతే?’ అనే భయం సహజమే. చట్టం ఉన్నంత మాత్రాన రిస్కు పూర్తిగా పోదు. అందుకే చెప్పే తీరు నేర్చుకోవాలి. నిందలొద్దు, వివరాలు చాలు. ‘సర్, సోమవారం చేసిన టెస్టుల్లో మూడు ఫెయిలయ్యాయి. రిపోర్టులో అన్నీ పాసైనట్టు ఉంది. సరిచేసి క్లయింటుకు పంపమంటారా?’ ఇంతే. తేదీ, తేడా, ప్రశ్న. నోటిమాటగా వచ్చిన ఆదేశం తేడాగా అనిపిస్తే, ‘మీరు చెప్పింది ఇదేనా’ అని ఆఫీసు మెయిల్‌లో అడగండి. కంపెనీ ఫైళ్లను మాత్రం సొంత మెయిల్‌కు పంపుకోవద్దు, తిరిగి మీ మెడకే చుట్టుకుంటుంది. పై అధికారి పట్టించుకోకపోతే అప్పుడు పాలసీలో చెప్పిన దారి పట్టండి.

చివరగా ఒక మాట. కంపెనీతో మీ మొదటి కమ్యూనికేషన్ మీ రెజ్యూమె. చేయని ప్రాజెక్టు చేసినట్టు, లేని ఎక్స్‌పీరియెన్స్ ఉన్నట్టు రాయించుకుంటే... అదీ ఓ దొంగ ఇన్‌వాయిసే! ‘అందరూ పెడుతున్నారు’ అనే మాటతోనే చిన్న అబద్ధం మొదలవుతుంది. దాన్ని కప్పిపుచ్చడానికి ఇంకోటి కావాలి. రామలింగరాజు లేఖ చెప్పిన కథా అదే. చిన్నగా మొదలైన తేడా ఏటికేడు పెరిగి పూడ్చలేనంత అయింది.

ఇంగ్లిష్ ఆరు నెలల్లో వచ్చేస్తుంది. నిజం చెప్పే అలవాటు మాత్రం రెజ్యూమె మొదటి లైను నుంచే మొదలుకావాలి.