నీ దుంప తెగ!

మా అమ్మమ్మకు కోపం వచ్చినా, ప్రేమ పొంగినా నోట్లోంచి ముందు వచ్చే మాట ఒకటే. "నీ దుంప తెగ!" చిన్నప్పుడు జామచెట్టు మీద నుంచి పడితే అదే మాట. ఇంజినీరింగ్ సీటు వచ్చిందని ఫోన్ చేసినా అదే మాట. మొన్న ఫిబ్రవరిలో మా బాల్కనీలో, కూరగాయల చాకు పట్టుకుని, ఒక కుళ్లిన దుంపను ముందేసుకుని కూర్చున్నప్పుడు ఆ మాటే గుర్తొచ్చింది. ఈసారి నవ్వు రాలేదు.

అది మే పువ్వు దుంప. ఫుట్‌బాల్ లిల్లీ అని కూడా అంటారు. మీ ఇళ్లలో చూసే ఉంటారు. ఏడాదిలో ఒక్కసారి, ఎండలు మండే రోజుల్లో, మట్టిలోంచి లావుపాటి కాడ ఒకటి లేస్తుంది. దాని తల మీద ఎర్రటి బంతి. దగ్గరికెళ్లి చూస్తే అది ఒక పువ్వు కాదు, చిన్న చిన్న పూల గుంపు. బాగా ఎదిగిన బంతిలో 200 దాకా ఉంటాయి. పది రోజులు ఉండి పోతుంది. మళ్లీ వచ్చే మే వరకు ఎదురుచూడాలి. దీని పుట్టిల్లు ఆఫ్రికా. అయినా మా మండపేట వైపు పెరళ్లలో ఎన్నాళ్ల నుంచో ఉంది కాబట్టి, చిన్నప్పుడు నేనది మన పువ్వే అనుకునేవాణ్ని.

అమ్మమ్మ వాళ్ల నూతి పక్కన ఇవి వరసగా ఉండేవి. మూడేళ్ల క్రితం ఆ ఇల్లు అమ్మేశారు. తాళాలు ఇచ్చే ముందు రోజు అమ్మమ్మ గునపంతో మూడు దుంపలు తవ్వింది. ఒకటి తనతో కాకినాడ, మావయ్య వాళ్ల అపార్ట్‌మెంటుకు. ఒకటి మా అమ్మకు. ఒకటి నాకు. కొన్నవాళ్లు ఆ పెరడంతా చదును చేసి సిమెంటు వేసేశారు.

కాకినాడ దుంపను మొదటి చలికాలంలోనే పనమ్మాయి ఖాళీ కుండీ అనుకుని మట్టితో సహా పారబోసింది. మా అమ్మ తన కుండీలో ఏమీ లేదనుకుని కరివేపాకు మొక్క పెట్టడానికి తవ్వింది. దుంప రెండు ముక్కలైంది. ఇద్దరి తప్పూ లేదు. ఆకు కనిపించని కుండీ ఎవరికైనా ఖాళీ కుండీలాగే కనిపిస్తుంది.

మిగిలింది నాదే. ప్రతి మే నెలలో అమ్మమ్మ వీడియో కాల్ చేయించుకుని మరీ ఆ పువ్వు చూసేది.

నేనేం చేశానంటే, కిందటి అక్టోబరులో బాల్కనీలోని 14 కుండీలకు డ్రిప్ కిట్ పెట్టాను. ఫోన్‌తో నడిచే టైమర్ కూడా. రోజూ ఉదయం 6 గంటలకు 3 నిమిషాలు నీళ్లు. మావాళ్ల భాషలో చెప్పాలంటే, అన్ని సర్వర్లకూ ఒకే క్రాన్ జాబ్. ఆఫీసులో ఎవరైనా జూనియర్ ఈ పని చేసి ఉంటే కోడ్ రివ్యూలోనే ఆపేసేవాణ్ని. నా బాల్కనీకి రివ్యూ చేసేవాళ్లు లేరు కదా!

డిసెంబరు వచ్చేసరికి మే పువ్వు ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. నాకు కంగారు. నీళ్లు చాల్లేదేమోనని ఆ ఒక్క కుండీకి 5 నిమిషాలు చేశాను. ఆకులు పూర్తిగా వాడిపోయాయి. ఇంకా కంగారు. కాస్త ఎరువు వేశాను. జనవరి చివర్లో కుండీ దగ్గరికెళితే కుళ్లిన ఉల్లిపాయల బుట్ట వాసన.

దుంప చచ్చిపోతోందని నేను నీళ్లు పోశాను. అసలది పడుకుంటోంది.

ఇక్కడ కాస్త దుంప లోపలి సంగతి చెప్పాలి. వంటింట్లో ఒక ఉల్లిపాయను నిలువుగా రెండుగా కోసి చూడండి. ఆ పొరలన్నీ ఆకుల మొదళ్లే. తిండి దాచుకుని లావెక్కాయంతే. అడుగున, వేళ్లకు పైన, గట్టిగా బిళ్లలాంటిది ఒకటి ఉంటుంది. అదే అసలు కాండం. వేళ్లు కిందికి, ఆకులూ పూమొగ్గా పైకి అన్నీ దాన్నుంచే వస్తాయి. మే పువ్వు దుంప కూడా ఇదే పద్ధతి. పోలిక అక్కడితో సరి. మే పువ్వు దుంప విషం. పిల్లలకు, కుక్కలకు, పిల్లులకు అందకుండా ఉంచాలి, వంటింటి చాయలకు అస్సలు తీసుకురాకూడదు. నేను వాడిన చాకును ఆ తర్వాత బాల్కనీకే ఇచ్చేశాను.

వానాకాలమంతా ఆకులు ఎండను పట్టి ఆ పొరల్లోకి తిండి పంపిస్తాయి. చలి మొదలయ్యాక పని అయిపోయిందని ఎండిపోతాయి. అప్పుడు దుంపకు నీళ్లు అక్కర్లేదు. తాగే ఆకులూ లేవు, ఎదిగే పనీ లేదు. మట్టి తడిగా ఉంటే లాభపడేది బూజు ఒక్కటే.

కాబట్టి ఆకులు పసుపు తిరగడం మొదలవగానే నీళ్లు తగ్గించాలి, ఎండిపోయాక పూర్తిగా ఆపేయాలి. ఆకులు పచ్చగా ఉండగా అందంగా లేవని కత్తిరించకండి. వచ్చే ఏడాది పువ్వు వాటి కష్టార్జితమే. కుండీని వాన జల్లు, డ్రిప్పు తగలని మూలకు జరపండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో మట్టిలోంచి మొన కనిపించాక కొద్దికొద్దిగా నీళ్లు మొదలుపెట్టాలి. మట్టి విషయానికొస్తే, రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు నాకు సరిపోయింది. కోకోపీట్ ఎక్కువేస్తే తడి పట్టి ఉంచేస్తుంది. అదీ నా తప్పుల్లో ఒకటి. దుంప మెడ మట్టి పైకి కనిపించేలా నాటాలి. ఏటా పీకి కుండీ మార్చక్కర్లేదు, ఇరుకుగా ఉంటేనే దానికి ఇష్టం.

అన్ని దుంపలూ ఒకేలా ఉండవు. దండల్లో వాడే లిల్లీ పూలు, అదే నేల సంపెంగ, మెక్సికో నుంచి వచ్చింది. కొత్తవాళ్లకు ఇది మంచిది. బాగా ఎండ తగిలితే నాటిన మూడు నెలలకు అటూ ఇటూగా కాడ వేస్తుంది. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన ప్రజ్వల్ రకం దొరికితే తీసుకోండి, మొగ్గ మీద లేత గులాబీ ఛాయ ఉంటుంది. ఒకసారి పూసిన దుంప మళ్లీ పూయదు, దాని పక్కన పుట్టిన పిల్లలే పూస్తాయి. అది తెలియక తల్లి దుంపను చూస్తూ కూర్చునేవాళ్లు చాలామంది. బద్ధకస్తులకు రెయిన్ లిల్లీ. మర్చిపోయినా పర్లేదు, వాన పడిన కొన్నాళ్లకు అదే గుర్తు చేస్తుంది.

తులిప్ మాత్రం వద్దు. రీల్స్ చూసి నేనూ కొన్నాను. దానికి పూలు రావాలంటే మూడు నెలలకు పైగా గట్టి చలి కావాలి. శ్రీనగర్‌లో ఉంది, మనకు లేదు. ఫ్రిజ్‌లో పెట్టి ఒకసారి పూయించవచ్చు. కానీ పక్కన యాపిల్స్ పెడితే వాటిలోంచి వచ్చే ఇథిలీన్‌కు లోపలి మొగ్గ మాడిపోతుంది. మా ఫ్రిజ్‌లో యాపిల్స్ ఉన్నాయి. ఇక ఆన్‌లైన్‌లో నీలం రంగు తులిప్ "విత్తనాలు" అంటూ అమ్మేవాళ్ల జోలికి అసలు పోకండి. నిజం తులిప్ విత్తనమైనా పువ్వు చూడ్డానికి నాలుగైదేళ్లు పైనే పడుతుంది.

సరే, నా చాకు దగ్గరికి వద్దాం.

దుంపను బయటికి తీసి కడిగాను. పెద్ద ఉల్లిపాయంత ఉండాల్సింది ఒక పక్కంతా మెత్తబడి, వేలు పెడితే లోపలికి దిగిపోయింది. తిప్పి చూస్తే అడుగు బిళ్ల మాత్రం సగానికి పైగా గట్టిగా ఉంది. బిళ్ల బతికుంటే దుంపకు ఆశ ఉన్నట్టే. కుళ్లిన పొరలన్నీ తెల్లటి గట్టి కండ వచ్చేదాకా కోసుకుంటూ పోయాను. ఒక్కో పొర తీస్తుంటే నూతి పక్కన వరస, గునపం పట్టుకున్న అమ్మమ్మ చేతులు గుర్తొస్తూనే ఉన్నాయి. చివరికి మిగిలింది వెల్లుల్లి గడ్డంత. కోసినచోట నర్సరీలో తెచ్చిన శిలీంద్రనాశని పొడి అద్ది, నాలుగు రోజులు నీడన ఆరబెట్టి, ఇసుక ఎక్కువ కలిపిన పొడి మట్టిలో నాటాను. ఒక్క చుక్క నీళ్లు పోయలేదు. అన్నిటికంటే కష్టమైన పని అదే. రోజూ పొద్దున్నే కాఫీ కప్పుతో వెళ్లి ఖాళీ మట్టిని చూసి వెనక్కి రావడం. అమ్మమ్మకు మాత్రం చెప్పలేదు.

ఏప్రిల్ చివర్లో మొన వచ్చింది. మే రెండో వారానికి రెండు ఆకులు. పువ్వు లేదు.

అమ్మమ్మ కాల్ రానే వచ్చింది. "ఏరా, పూసిందా?" కెమెరా కుండీ వైపు తిప్పి, డ్రిప్పు, టైమరు, వాసన, చాకు అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. అవతల కాసేపు మాట లేదు.

"దుంప తెగ్గోశావా?"

"కోశాను అమ్మమ్మా."

ఫోన్ కదిలిపోయేలా నవ్వింది. నవ్వీ నవ్వీ దగ్గొచ్చి మావయ్య మంచినీళ్లు తెచ్చేదాకా. తర్వాత కళ్లజోడు సరిచేసుకుని, "ఆ పెద్దాకు పక్కన ఇంకోటి ఏదో పొడుచుకొచ్చినట్టుందే, దగ్గరగా చూపించు" అంది.

నేను చూడనే లేదు. నిజంగానే ఉంది, చిటికెన వేలి గోరంత ఆకుపచ్చ మొన.

ఇప్పుడు ఆ కుండీకి వచ్చే డ్రిప్ పైపును మడిచి దారం కట్టేశాను. నీళ్లు చేత్తోనే పోస్తున్నా. నవంబరు 15కు ఫోన్‌లో రిమైండర్ ఉంది: "నీళ్లు ఆపు." పిల్ల దుంప వేరుపడ్డాక అది కాకినాడకు పంపాలని అమ్మమ్మ ఆర్డరు. ఈసారి కుండీ మీద పెయింటుతో పేరు రాయిస్తుందట, ఎవరూ పారబోయకుండా.