చలికాలంలో రోగనిరోధక శక్తి: కొనేది కాదు, కాపాడుకునేది



కార్తీకం వెళ్లి మార్గశిరం వచ్చేసరికి ఏటా నాకు ఒకే ప్రశ్న ఎదురవుతుంది: "డాక్టరు గారూ, ఇమ్యూనిటీ పెరగడానికి ఏం వాడమంటారు?" కరోనా తర్వాత ఇది మరీ ఎక్కువైంది. అడిగేవారి ఇంట్లో అప్పటికే ఒక పొడి డబ్బానో, లేహ్యం సీసానో ఉంటుంది. నా సమాధానం చాలామందికి రుచించదు. అయినా చెప్పడం నా బాధ్యత.

ముందుగా నా అనుభవం ఒకటి చెబుతాను. నేను వృత్తిలో ఉన్న రోజుల్లో అరవై ఏళ్లు దాటిన ఒక పెద్దాయన నా దగ్గరకు క్రమం తప్పకుండా వచ్చేవారు. ఆయనకు మధుమేహం ఉన్నా మాత్రలతో అదుపులోనే ఉండేది. ఒక ఏడాది పుష్యమాసంలో తీవ్రమైన న్యుమోనియాతో ఆయనను తీసుకువచ్చారు. రక్తంలో చక్కెర 400 దాటింది. జబ్బు తీవ్రతకు కూడా చక్కెర పెరుగుతుంది, నిజమే. కానీ గత మూడు నెలల సగటును తెలిపే పరీక్షలోనూ అది బాగా ఎక్కువగానే ఉంది. విచారిస్తే, జలుబు రాకూడదని రెండు నెలలుగా పూటకు రెండు చెంచాల తీపి లేహ్యం తింటున్నారని తెలిసింది. అది మందే కదా అనుకున్నారు గాని, అందులో చక్కెర ఉంటుందన్న ఆలోచన ఆయనకు రాలేదు. అంతకు నెల ముందు ఆయన వచ్చినప్పుడు నేను మాత్రల సంగతి అడిగానే తప్ప, ఇంకేమైనా తింటున్నారా అని అడగలేదు. ఆయన కోలుకుని ఇంటికి వెళ్లారు. అడగని ఆ ప్రశ్న మాత్రం నన్ను నేటికీ బాధిస్తుంది. రక్తంలో చక్కెర పెరిగితే సూక్ష్మజీవులతో పోరాడే తెల్లరక్తకణాల సామర్థ్యం తగ్గుతుంది. రక్షణ కోసం తిన్నదే ఆయన రక్షణను బలహీనపరిచింది.

అసలు రోగనిరోధక శక్తి ఎంత పెరిగితే అంత మంచిదన్న భావనే సరైనది కాదు. ఆ వ్యవస్థ అతిగా స్పందిస్తే అలర్జీలు, ఉబ్బసం వస్తాయి. దారి తప్పి మన శరీరం మీదికే తిరిగితే రుమటాయిడ్ కీళ్లవాతం వంటి వ్యాధులు వస్తాయి. మనకు కావలసింది అది సక్రమంగా పనిచేయడం. అందుకు మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

జలుబును కలిగించే వైరస్‌లు 200కు పైగా ఉన్నాయి. చలి వాటిని పుట్టించదు. అయితే చల్లని పొడిగాలికి ముక్కు లోపలి రక్షణ కొంత తగ్గుతుంది. పైగా చలికి తలుపులు, కిటికీలు బిగించుకుని అందరం ఒకే గదిలో పడుకుంటాం. ఒకరి దగ్గు అందరికీ అంటుకోవడానికి అంతకన్నా ఏం కావాలి? ఎండ వచ్చాక కాసేపైనా కిటికీలు తెరవండి. బయటి నుంచి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి. జలుబు చేసినవారు పసిపిల్లలకు, వృద్ధులకు కాస్త దూరంగా ఉండండి.

నిద్రను చాలామంది లెక్కలోకే తీసుకోరు. అమెరికాలో 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో 164 మంది ఆరోగ్యవంతుల ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి పరిశీలించారు. ఏడు గంటలకు మించి నిద్రపోయేవారితో పోలిస్తే, ఆరు గంటలకన్నా తక్కువ నిద్రపోయేవారికి జలుబు చేసే అవకాశం సుమారు నాలుగు రెట్లు ఎక్కువని తేలింది. అర్ధరాత్రి దాకా ఫోను చూసి, ఉదయం కషాయం తాగితే ప్రయోజనమేమిటి?

ఇక విటమిన్ సి. లైనస్ పాలింగ్ 1970లో రాసిన పుస్తకంతో దీనికి ఎంతో ప్రచారం వచ్చింది. తర్వాత జరిగిన అనేక పరీక్షలను కలిపి చూస్తే, రోజూ మాత్రలు వేసుకున్నా సామాన్య జనంలో జలుబులు తగ్గలేదు. పెద్దలలో జలుబు ఉండే కాలం మాత్రం సుమారు 8 శాతం తగ్గింది. అంటే వారం రోజుల జలుబులో అర రోజు! జలుబు మొదలయ్యాక వేసుకుంటే ఆ మాత్రం ప్రయోజనమూ స్పష్టంగా కనిపించలేదు. పెద్దవారికి రోజుకు కావలసింది సుమారు 80 మిల్లీగ్రాములు. 100 గ్రాముల జామపండులో సుమారు 200 మిల్లీగ్రాములు ఉంటుంది. ఈ కాలంలో బండి మీద దొరికే జామ, ఉసిరి ఉండగా మాత్రలకు డబ్బు పోయడం ఎందుకు? పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు రోజూ కంచంలో ఉండేలా చూసుకోండి. దాహం వేయకపోయినా నీరు తాగండి.

పొగ గురించి తప్పక చెప్పాలి. మన శ్వాసనాళాల లోపలి సన్నని నూగు దుమ్మును, క్రిములను పైకి నెట్టివేస్తుంటుంది. పొగ దానిని దెబ్బతీస్తుంది. చలిమంటలో టైర్లు, ప్లాస్టిక్ వేయకండి. భోగిమంటకు కట్టెలు, పిడకలు చాలు. ఉబ్బసం ఉన్నవారు దానికీ దూరంగా ఉండాలి. వృద్ధులు, మధుమేహం, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు ఏటా ఫ్లూ టీకా విషయం తమ వైద్యునితో మాట్లాడాలి. నిరోధక శక్తికి నిజంగా శిక్షణ ఇచ్చేది టీకాయే.

మామూలు జలుబుకు మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసుకోవడం మన ప్రాంతంలో పెద్ద దురలవాటు. అవి వైరస్‌ను ఏమీ చేయలేవు. అనవసరంగా వాడితే బాక్టీరియా వాటికి లొంగకుండా తయారవుతుంది. 1948లో వెలుగుచూసిన ఆరియోమైసిన్ వెనుక మన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వం ఉంది. అటువంటి మందులను మనమే పనికిరాకుండా చేసుకోవడం విచారకరం.

జలుబు సాధారణంగా వారం, పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. అయితే ఆయాసం, ఛాతీనొప్పి, మూడు రోజులకు మించిన జ్వరం, పెద్దవారిలో మాట తడబాటు లేదా మగత, పిల్లల్లో డొక్కలు ఎగరేయడం, పాలు తాగకపోవడం కనిపిస్తే గృహవైద్యంతో కాలయాపన చేయవద్దు. ఏడాది నిండని బిడ్డకు దగ్గు తగ్గుతుందని తేనె నాకించవద్దు.

చివరగా ఒక విన్నపం. ఈ రోజే మీ ఇంట్లోని పెద్దవారి పక్కన కూర్చుని, వైద్యులు రాసినవి కాక ఇంకా ఏమేమి వాడుతున్నారో అడిగి తెలుసుకోండి. ఆనాడు నేను అడగని ప్రశ్నను మీరైనా అడగండి.