ఓల్డ్ ఫ్యాషన్డ్ మందు కాదా?

ఈమధ్య మనవాళ్ల ఇళ్లలో ఒక మాట వినిపిస్తోంది: "ఇది మందు కాదండీ, ఓల్డ్ ఫ్యాషన్డ్! ఒక్కటి తీసుకోండి."

మందు కాక మరేమిటి? చెంచాడు చక్కెర, కొద్ది చుక్కల బిటర్స్, ఐసు, నారింజ తొక్క. మిగతాదంతా 60 మి.లీ. విస్కీయే. 42.8 శాతం సీసా అయితే సుమారు 20 గ్రాముల ఆల్కహాల్. చక్కెర ఘాటును దాస్తుంది, మత్తును తగ్గించదు. ఊళ్లో సారా తాగినవాణ్ణి తాగుబోతన్నాం. నారింజ తొక్క వేస్తే అదే కళ అయిపోతుందా?

ఇంట్లో చేసుకోవద్దనడం లేదు. కొలిచి పోయండి. అతిథిని మొహమాటపెట్టకండి. వాళ్లు బండి నడపాల్సింది హోసూరు రోడ్డు మీద. చట్టం ఒప్పుకునేది 100 మి.లీ. రక్తానికి 30 మి.గ్రా. మాత్రమే. ఊదమన్న పోలీసు కాక్‌టెయిల్ పేరడగడు. వద్దన్నవారికి మజ్జిగివ్వండి, మర్యాద అదే.