వికెట్ల వెనుక నిలిచినవాడు

1971లో భారత జట్టు వెస్టిండీసును వారి గడ్డమీదే ఓడించి, అక్కడ తొలిసారి సిరీసు గెలిచింది. ఆ విజయం ప్రస్తావనకు రాగానే గావస్కర్ 774 పరుగులూ, సర్దేశాయ్ 642 పరుగులూ చెప్పుకుంటాం. ఆ 5 టెస్టుల్లోనూ వికెట్ల వెనుక నిలిచిన మన హైదరాబాదు ఆటగాడు పోచయ్య కృష్ణమూర్తి గారిని ఎందరు తలుచుకుంటున్నాం?

1947 జూలై 12న పుట్టిన ఆయనకు, ఫరూఖ్ ఇంజనీర్ లేని జట్టులో చోటు దక్కింది. బేడీ, ప్రసన్న, వెంకటరాఘవన్, దుర్రానీల స్పిన్‌కు కాపలా కాశారు. అదే ఏడు ఇంగ్లండులో ఇంజనీర్ తిరిగివచ్చారు. కృష్ణమూర్తి గారికి మరొక టెస్టు దొరకలేదు. 1976లో న్యూజిలాండుపై ఒకే ఒక్క వన్డే ఆడారు. 1999లో కన్నుమూశారు.

స్కోరు పుస్తకంలో ఆయన టెస్టు జీవితమంతా 33 పరుగులు, 7 క్యాచ్‌లు, 1 స్టంపింగ్. ఆ పరుగులు తక్కువేనన్న మాట నిజం. కానీ రోజంతా వంగి లేచి, సుడి తిరిగే బంతిని చేతిలోకి తీసుకున్న పనికి ఆ పుస్తకంలో గడే లేదు. బంతి చేజారితే మాత్రం ‘బై’ అని రాస్తారు. తప్పుకు లెక్క ఉండి, నేర్పుకు లెక్క లేని కొలువు అది.

బేస్‌బాల్‌లో క్యాచరుదీ ఇదే స్థానం. ఆ ఆట తొలి వృత్తి లీగు 1871 మే 4న మొదలైనప్పుడు మొదటి హిట్ కొట్టిన డీకన్ వైట్, ఉత్త చేతులతో బంతులు పట్టిన క్యాచరు. 1939లో మరణించిన ఆయనకు అమెరికా తమ ‘హాల్ ఆఫ్ ఫేమ్’లో చోటిచ్చింది 2013లో. ఆలస్యమే, అయినా ఇచ్చింది.

మా ఖమ్మం–భద్రాచలం అడవి అంచు పల్లెల్లోనూ బ్యాటూ బంతీ దక్కని పిల్లవాణ్నే కీపరుగా నిలబెడతారు. ఆ చిన్నచూపే పెద్దల చరిత్రరచనలోనూ కనిపిస్తోంది. జట్టులో ఎవరుండాలన్నది సెలెక్టర్ల ఇష్టం. ఎవరిని గుర్తుంచుకోవాలన్నది మాత్రం మన బాధ్యత. ఆయన కీపింగును కళ్ళారా చూసినవారికి వయసు మీదపడుతోంది. స్కోరు పుస్తకం వదిలేసినదాన్ని వారు చెప్పాలి, మనం తెలుగులో రాసిపెట్టాలి. మీ ఇళ్ళలో అటువంటి పెద్దలుంటే, ఇవాళే అడగండి.