కోత పండుగ మనకు, ధర కోత రైతుకు

మా తిరువొత్తియూరు పిల్లలకు కంటైనర్ లారీల వరుస కొత్త కాదు. రేవు గేటు తెరిచేదాకా గంటల తరబడి రోడ్డు మీదే నిలబడి ఉంటాయి. వాటిలో ఏముందని అడిగేవాళ్లు తక్కువ. మాలో కొందరికి అడగకుండానే తెలుసు. వేసవి దాటాక వచ్చే కొన్ని లారీల్లో చిత్తూరు జిల్లా మామిడి గుజ్జు ఉంటుంది. అది గల్ఫుకూ యూరప్‌కూ పోతుంది.

మా తల్లులు ఆ గుజ్జు ఫ్యాక్టరీల్లో సీజన్ కూలీకి పోయినవాళ్లు. మాగిన తోతాపురి కాయల్ని కడిగి, తొడిమ తీసి, మచ్చ ఉన్నచోట కోసి యంత్రానికి అందించడం వాళ్ల పని. సొన తగిలి వేళ్ల సందుల్లో చర్మం పొక్కేది. ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటే చెయ్యి భగ్గుమనేది. డబ్బాలు మోసే మగవాళ్లకు ఒక కూలి, వీళ్లకు ఒక కూలి. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. ఆ షెడ్డులోకి మాత్రం రాలేదు.

షెడ్డు బయట రైతుది ఇంకో బాధ. తోతాపురి ఎక్కువగా గుజ్జుకే పోయే కాయ. ఫ్యాక్టరీ వద్దంటే కొనేవాళ్లు తక్కువ. కోసిన కాయ ఆగదు, ట్రాక్టర్ బాడుగా ఆగదు. ఈ సంగతి రైతుకెంత తెలుసో కొనేవాడికీ అంతే తెలుసు. 2025లో ధర పడిపోతే, ఫ్యాక్టరీ కిలోకు 8 రూపాయలివ్వాలి, పైన 4 రూపాయలు మేమిస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించింది. ఆ 8 కూడా చేతికి రావడం లేదని రైతులు రోడ్డెక్కారు.

పాత గుజ్జు గోదాముల్లోనే ఉంది, ఆర్డర్లు తగ్గాయి అన్నది ఫ్యాక్టరీల మాట. నిజమే కావచ్చు. కానీ ఆర్డర్లు బాగా వచ్చిన ఏడు మా తల్లుల కూలి పెరిగిందా? నష్టమొస్తే అందరికీ పంచి, లాభమొస్తే ఒక్కరే ఉంచుకోవడాన్ని వ్యాపారమని మేము ఒప్పుకోం.

చెరకు సంగతి చూడండి. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం కనీస ధరను కేంద్రం నిర్ణయిస్తుంది. చెరకు అందిన 14 రోజుల్లో మిల్లు డబ్బు కట్టాలి. దాటితే ఏడాదికి 15 శాతం వడ్డీ. అక్కడా బకాయిలున్నాయి, కాదనం. కానీ నిలదీయడానికి రైతు చేతిలో ఒక కాగితం ఉంది. మామిడి రైతుకు ఉన్నది ధర పడిపోయాక వచ్చే ప్రకటన మాత్రమే.

ఇక మన సంగతి. కోత పండుగనాడు ఒక్క గుమ్మడికాయను ఐదు వందలకు పాడుకుని చప్పట్లు కొడతాం. ఆ డబ్బు దేవుని పనికే పోతుంది, సంతోషమే. కానీ పొలం కోసినవాళ్లకు ఎగ్గొట్టిన కూలి గురించి యాకోబు పత్రిక 5వ అధ్యాయం ఏమంటుందో ఆ రోజు ఎవరైనా చదువుతారా? పొద్దుగూకకముందే కూలి ఇవ్వమని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం చెప్తుంది. ఇందులో వెతకాల్సిన ఆత్మీయార్థం ఏమీ లేదు. కూలి అంటే కూలే.

మేము అడిగేది ఇంతే. కాయ కోయకముందే ధర కాగితం మీద రాయాలి. చెరకులాగే 14 రోజుల్లో డబ్బివ్వాలి. ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకే కూలి అని షెడ్డు గోడమీద అందరికీ కనపడేలా రాయాలి.

యువతీ యువకులారా, మీ అమ్మమ్మ ఊరికి ఒక ఫోన్ చేయండి. ఈ ఏడు కిలో కాయ ఎంతకు పోయింది? ఫ్యాక్టరీలో ఆడమనిషికి రోజుకు ఎంత ఇచ్చారు? ఆ రెండు అంకెలు రాసుకొచ్చి కోత పండుగ రోజు సంఘం ముందు నిలబడి చదవండి. వేలంపాట ఆ తర్వాత మొదలుపెడదాం.