ట్రాక్టరు ఇంట్లో పుట్టిన కారు

గంటకు 350 కిలోమీటర్ల వేగం. విజయవాడలో బయల్దేరిన మనిషి ఆ లెక్కన పన్నెండు నిమిషాల్లో అవనిగడ్డలో దిగాలి. బస్సులో అయితే దాదాపు రెండు గంటలు. ఇటలీకి చెందిన లాంబోర్గిని కంపెనీ 2023లో తెచ్చిన రెవుయెల్టో కారుకు ఆ సత్తా ఉంది. కాకపోతే కరకట్ట ఎక్కిందంటే దాని గొప్పలన్నీ పక్కన పెట్టాల్సిందే. స్పీడు బ్రేకరు కనపడితే ముందుభాగాన్ని పైకెత్తుకుని, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యాన్ని తప్పుకొని, గేదెల మందకు దారిచ్చి మెల్లగా కదలాలి. ఆ పక్కనుంచే గడ్డి లోడుతో ఓ ట్రాక్టరు ధీమాగా దాటిపోతుంది.

విచిత్రం ఏమిటంటే... ఆ ట్రాక్టరూ ఈ కారూ చుట్టాలే!

పేరు ఎద్దుది... పరుగు గాలిది

లాంబోర్గిని గుర్తు రంకె వేసే ఎద్దు. చాలా మోడళ్లకు స్పెయిన్ పోరాటపు ఎద్దుల పేర్లే పెడతారు. రెవుయెల్టో కూడా అలాంటి ఎద్దు పేరే. ఒంగోలు గిత్తలకు ముద్దుపేర్లు పెట్టి, బండ లాగుడు పందేలకు తీసుకెళ్లే కృష్ణా జిల్లా రైతుకు ఈ మురిపెం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ కారు బొమ్మను గోడకు అంటించుకునే కుర్రాళ్లను అడిగితే ముందు ఇంజిను గురించే చెబుతారు. పన్నెండు సిలిండర్లు, ఆరున్నర లీటర్లు. ఒక్కో సిలిండరూ 350 సీసీ బుల్లెట్ బండి మొత్తం ఇంజిను కన్నా పెద్దదన్నమాట. అలాంటివి పన్నెండు ఒక్కసారి గర్జిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. టర్బో లాంటి ఊతమేదీ లేకుండా తన గాలి తానే పీల్చుకుంటూ నిమిషానికి 9,250 చుట్ల దగ్గర 825 అశ్వశక్తి ఇస్తుంది. అంటే సెకనుకు 150కి పైగా చుట్లు! దీనికి తోడు మూడు ఎలక్ట్రిక్ మోటార్లు. రెండు ముందు చక్రాలకు, ఒకటి గేర్‌బాక్సు దగ్గర. అన్నీ కలిస్తే 1,015 అశ్వశక్తి. ఆగి ఉన్న కారు వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి రెండున్నర సెకన్లు చాలు. ఇంకో తమాషా... కారు వెనక్కి నడవాలంటే ఆ పెద్ద ఇంజినుతో పనే లేదు, ఎలక్ట్రిక్ మోటార్లే ఆ పని చూస్తాయి.

కత్తెరలా పైకి లేచే తలుపులు ఈ ఇంటి వారసత్వం. 1974లో అమ్మకానికి వచ్చిన కౌంటాష్ కారుతో మొదలయ్యాయి. దాన్ని గీసిన మార్సెలో గాందిని 2024లో కన్నుమూశారు. ఆయన గీత మాత్రం రెవుయెల్టో ఒంటి మీద ఇంకా కనిపిస్తూనే ఉంది.

మన దేశంలో 2023 డిసెంబరులో విడుదలైనప్పుడు దీని షోరూం ధర 8.89 కోట్ల రూపాయలు. ఎనిమిది లక్షల ట్రాక్టరు లెక్కన చూస్తే 111 ట్రాక్టర్లు! తెలుగువాళ్లకు ఈ కంపెనీ పేరు కొత్తేమీ కాదు. పామర్రు దగ్గరి నిమ్మకూరులో తాతగారి మూలాలున్న జూనియర్ ఎన్టీఆర్ 2021లో ఇదే కంపెనీ ఎస్‌యూవీ ‘ఉరుస్’ కొన్నప్పుడు జిల్లా అంతా చెప్పుకొంది.

పదహారు ట్రాక్టర్ల బలమా?

ఇక్కడో చిన్న లెక్క. దమ్ము చేసే ట్రాక్టరు శక్తి 50 అశ్వశక్తి అనుకుందాం. రెవుయెల్టో పెట్రోలు ఇంజినుది 825. అంటే పదహారు ట్రాక్టర్ల పైమాట. కానీ ఇరుసును మెలితిప్పే బలం చూస్తే ట్రాక్టరు ఇంజినుది ఉజ్జాయింపుగా 200 న్యూటన్ మీటర్లు, కారుది 725. పదహారు రెట్లు కాదు, మూడున్నర రెట్లే!

మరి మిగతా శక్తి ఎక్కడిది? వేగానిది. ట్రాక్టరు ఇంజిను నిమిషానికి రెండు వేల చుట్ల దగ్గర నింపాదిగా పనిచేస్తుంది. కారు ఇంజిను దానికి నాలుగు రెట్లకు పైగా వేగంగా తిరుగుతుంది. అదే బలాన్ని ఎక్కువసార్లు తిప్పితే శక్తి పెరుగుతుంది. ట్రాక్టరు గేర్లు చుట్లను బాగా తగ్గించి లాగే బలాన్ని పెంచుతాయి. అందుకే మోకాలి లోతు బురదలోనూ దమ్ము చక్రాలు కదులుతాయి. రెవుయెల్టోను అదే మడిలో దింపితే? తీయడానికి మళ్లీ ట్రాక్టరే రావాలి.

సూత్రం ఒక్కటే, వాడుకునే తీరే వేరు. ఈ సంగతి బాగా తెలిసిన ఓ రైతుబిడ్డే లాంబోర్గిని కంపెనీని పెట్టాడు.

రెనాజో రైతుబిడ్డ

ఫెరూచియో లాంబోర్గిని 1916లో ఉత్తర ఇటలీలోని రెనాజో అనే పల్లెలో పుట్టాడు. అదీ మన డెల్టాలాంటి సమతల నేలే. పో నది, దాని ఉపనదులు పారే చోటు. అమ్మానాన్నలు వ్యవసాయం చేసేవారు. పిల్లాడికి మాత్రం పొలం కన్నా పొలంలోని యంత్రాల మీదే మనసు. సాంకేతిక విద్య చదివాడు. రెండో ప్రపంచ యుద్ధంలో రోడ్స్ ద్వీపంలో సైనిక వాహనాలు బాగుచేసే పనిలో పడ్డాడు. విడిభాగాలు దొరకని చోట పాడైన బండిని నడిపించడమే అక్కడ నేర్చుకున్న చదువు.

యుద్ధం అయ్యాక ఇంటికొస్తే రైతులకు ట్రాక్టర్లు కావాలి, కొనే స్తోమత లేదు. సైన్యం వదిలేసిన వాహనాల ఇంజిన్లు, గేర్లు చౌకగా దొరికేవి. వాటినే బిగించి ట్రాక్టర్లు చేశాడు. పెట్రోలుతో స్టార్టయి, చవక ఇంధనంతో నడిచే ఏర్పాటు కూడా పెట్టాడు. 1948లో ట్రాక్టర్ల కంపెనీ మొదలైంది. అదే ఏడు సొంతంగా మార్చుకున్న చిన్న ఫియట్ కారుతో ‘మిల్లె మిల్యా’ రేసుకు వెళ్లి, దారిలో ఓ హోటల్ గోడను గుద్ది ఇంటికొచ్చాడు!

డబ్బు చేతికొచ్చాక ఫెరారీ కార్లు కొన్నాడు. వాటి క్లచ్ మాటిమాటికీ పాడయ్యేది. విప్పి చూస్తే తన ట్రాక్టర్లలో వాడే రకం క్లచ్చే. ఆ మాట చెప్పబోతే, ట్రాక్టర్లు నడుపుకునేవాడికి కార్ల సంగతేం తెలుసని ఎంజో ఫెరారీ కొట్టిపారేశాడని ఫెరూచియో తర్వాత ముచ్చటగా చెప్పుకునేవాడు. నిజమెంతో, మసాలా ఎంతో గానీ 1963లో సాంతాగాటా బొలొనేసె అనే ఊళ్లో కార్ల ఫ్యాక్టరీ మాత్రం లేచింది. అవనిగడ్డ కన్నా చిన్న ఊరది. రెవుయెల్టో ఇప్పటికీ అక్కడే తయారవుతుంది.

పక్కూరి సాయం

ఒక్కడి పట్టుదలతోనే ఇదంతా అయిపోయిందా అంటే కాదు. మొదటి పన్నెండు సిలిండర్ల ఇంజినును గీసిన జోత్తో బిజారిని అంతకుముందు ఫెరారీలో పనిచేసినవాడే. 1966లో ప్రపంచాన్ని నోరెళ్లబెట్టేలా చేసిన మియూరా కారు వెనకున్న ఇంజినీర్లు జాన్‌పావ్లో దల్లారా, పావ్లో స్టాంజాని. కంపెనీ పెట్టేనాటికి ఇద్దరికీ ముప్ఫై ఏళ్లు నిండలేదు. సాంతాగాటాకు కూతవేటు దూరంలో మొడేనా, బొలోన్యా. ఫెరారీ, మాసెరాటి, డుకాటి, పగాని... అన్నీ ఆ చుట్టుపక్కలవే. ఒకరు పోతపోస్తే ఇంకొకరు రేకు వంచుతారు, మరొకరు తోలు కుడతారు.

ఈ పద్ధతి మన డెల్టాకు తెలియనిదా? మచిలీపట్నం చిలకలపూడి రోల్డ్ గోల్డ్ నగలు అలాగే కదా పుట్టేది! అచ్చు పోసేది ఒకరు, రాళ్లు పొదిగేది ఒకరు, పూత వేసేది ఇంకొకరు. పది చేతులు కలిస్తే ఒక హారం. పది షెడ్లు కలిస్తే ఒక యంత్రం.

దివిసీమలో ట్రాక్టరు షెడ్లకు కొదవలేదు. దమ్ముల రోజుల్లో ఇరుసు సీళ్లలో బురద చేరితే, కోతల ముందు గేరు మొరాయిస్తే రైతు పరిగెత్తేది అక్కడికే. ఇంజిను చప్పుడు విని జబ్బు చెప్పే మనుషులు వాళ్లు. ఆ చదువుకు సర్టిఫికెట్ లేదు. అందుకే ఆ షెడ్డులో పెరిగిన పిల్లాడికి ‘ఈ గ్రీజు బతుకు నీకొద్దురా’ అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. గుడ్లవల్లేరులో పాలిటెక్నిక్ ఉంది, షెడ్డులో తండ్రి చేతి విద్య ఉంది. రెండింటినీ ఒకే పిల్లాడిలో కలిపితే ఏమవుతుందో రెనాజో చూపించింది. 8.89 కోట్ల కారు ఎవరింటి ముందు ఆగుతుందన్నది పెద్ద విషయం కాదు. అలాంటిదొకటి చేయగల చెయ్యి ఎక్కడ పెరుగుతుందన్నదే అసలు సంగతి.

ఫెరూచియో కథకు ముగింపు కూడా రైతు కథలాంటిదే. 1970ల మొదట్లో వ్యాపారం దెబ్బతింది. ట్రాక్టర్ల కంపెనీ సామె సంస్థ చేతికి పోయింది. 1974కల్లా కార్ల కంపెనీలో ఆయన వాటా కూడా పూర్తిగా అమ్ముడైంది. ఆ తర్వాత కార్ల ఫ్యాక్టరీ చాలా చేతులు మారి 1998లో జర్మనీకి చెందిన ఆడీ నీడకు చేరింది. ఫెరూచియో మాత్రం ట్రాసిమేనో సరస్సు ఒడ్డున భూమి కొని, ద్రాక్షతోట వేసుకుని 1993లో పోయేదాకా సేద్యమే చేశాడు.

ఆయన పేరుతో ట్రాక్టర్లు ఇప్పటికీ వస్తున్నాయి. వాటిని చేసే ఎస్‌డీఎఫ్ సంస్థకు మన పక్క రాష్ట్రంలో, తమిళనాడులోని రాణిపేటలో ఓ ఫ్యాక్టరీ ఉంది. సాంతాగాటా దూరమే గానీ, రాణిపేట అవనిగడ్డ నుంచి ఒక్క రాత్రి ప్రయాణం.